పద్మ నాలుక కోసం చాప్టాంక్ నదికి

ఈ ప్రయాణం ఉప్పు వేయని పప్పుతో మొదలైంది. జులైలో ఒక సాయంత్రం స్వప్న సొరకాయ పప్పు వండి, సగం డబ్బాలో పోసి, పద్మ వాళ్ళ గుమ్మం ముందు పెట్టి వచ్చింది. వాషింగ్టన్ పక్కనున్న షాంటిలీలో మా చుట్టుపక్కల తెలుగు ఇళ్ళవాళ్ళం వంతులు వేసుకుని నెలల తరబడి ఆ గుమ్మం దగ్గర డబ్బాలు పెడుతూనే ఉన్నాం. పద్మకు క్యాన్సర్. కీమో మే నెలలో పూర్తయింది. ఏ డబ్బా వెళ్ళినా ఆమె నుంచి వాట్సాప్‌లో ఒకటే మాట వచ్చేది, చాలా బాగుందని. ఆ సాయంత్రమూ వచ్చింది. తర్వాత తన ఇంట్లో భోజనానికి కూర్చున్న స్వప్నకు మొదటి ముద్దలోనే తెలిసింది, పప్పులో తాను ఉప్పు వేయనే లేదని.

మర్నాడు స్వప్న, నేను వెళ్ళి అడిగాం. పద్మ దాచలేదు. కీమో రెండో విడత నుంచి ఏ రుచీ తెలియడం లేదని, కొన్ని తడి అట్టముక్కల్లా, కొన్ని ఇనుములా ఉంటున్నాయని చెప్పింది. ఇంతమంది వండి తెస్తుంటే ఏమని చెప్పమంటారని మమ్మల్నే అడిగింది. తినబుద్ధి కాక అప్పటికే చాలా బరువు తగ్గింది. చాలామందికి కొన్ని వారాల్లో రుచి తిరిగి వస్తుందని, ఆమెకు ఎప్పుడు వస్తుందో చెప్పలేమని డాక్టర్ అన్నారట. బరువు ఇలాగే పడిపోతే గొట్టం ద్వారా ఆహారం ఇవ్వాల్సి రావచ్చని కూడా అన్నారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె భర్త సుధాకర్ వంటగదిలోకి వెళ్ళిపోయారు.

తినాలని మనసుకైనా అనిపించేది ఏదైనా ఉందా అని అడిగితే పద్మ పీత పులుసు అంది. ఆమెది నరసాపురం దగ్గర, గోదావరి సముద్రంలో కలిసే వైపు. మా ఇండియన్ షాపుల్లో ఫ్రీజర్ పీతలు దొరుకుతాయి కానీ కీమో తర్వాత ఆ మంచు వాసనకే ఆమెకు కడుపులో తిప్పుతోంది. అప్పటికప్పుడు పట్టిన పీత కావాలి. అది మాకు రెండుంపావు గంటల దూరంలో, చీసాపీక్ బే అవతలి ఒడ్డున ఉంది. పాతికేళ్ళు పత్రికలో పనిచేసినదాన్ని కాబట్టి వివరాలు కనుక్కునే పని నాకు అప్పగించారు. పద్మ ముందే హాస్పిటల్ నర్సుకు ఫోన్ చేసి అడిగింది. బాగా ఉడికినదైతే తినవచ్చని, చేతులకు గాయం కాకుండా గ్లోవ్స్ వేసుకోమని ఆమె చెప్పింది. మేరీలాండ్‌లో దారానికి ఎర కట్టి రేవు మీద నుంచి పీతలు పట్టుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదని నేను తెలుసుకున్నాను.

సెప్టెంబరు మొదట్లో, లేబర్ డే సెలవుల రద్దీ తగ్గాక, ఒక శనివారం ఆరు లోపే సుధాకర్ వ్యాన్‌లో బయల్దేరాం. ఆయన, పద్మ, స్వప్న, నేను. 66 హైవే మీద నుంచి బెల్ట్‌వే అనే వలయ రహదారి ఎక్కి, అక్కడి నుంచి రూట్ 50 పట్టుకుంటే ఇక మలుపుల గొడవ లేదు, అనాపొలిస్ దాటి బే బ్రిడ్జి మీదుగా నేరుగా తూర్పుకే. వంతెన టోల్ అటు వెళ్ళేటప్పుడు మాత్రమే, అదీ కెమెరా లెక్కే, ఆగి కట్టేది లేదు. ఎనిమిది దాటితే ఓషన్ సిటీ బీచ్‌కి వెళ్ళే కార్లు వంతెన ముందు మైళ్ళ కొద్దీ నిలబడతాయి. మేము ఏడున్నరకల్లా దాటేశాం. వంతెన నాలుగు మైళ్ళకు పైనే ఉంటుంది. మధ్యలో నీళ్ళు బాగా కిందికి పోతాయి, ఎత్తంటే భయం ఉన్నవాళ్ళు డ్రైవ్ చేయకపోవడం మంచిది. సుధాకర్‌కు ఆ వారాంతం ఆఫీస్ ఆన్‌కాల్ ఉంది. వంతెన మధ్యలో ఫోన్ మోగితే ఏం చేస్తావన్నా అని స్వప్న అడిగింది. నదిలో పారేస్తానన్నారు ఆయన. ఇది నది కాదు, సముద్రపు పాయ అని పద్మ వెనక సీట్లోంచి దిద్దింది.

కీమో అయిన మనిషితో ప్రయాణం కాబట్టి వంతెన దిగగానే కెంట్ ఐలండ్‌లో ఒకసారి, ఈస్టన్‌లో ఒకసారి ఆగాం. రెండుచోట్లా గ్యాస్ స్టేషన్ల బాత్‌రూమ్‌లు శుభ్రంగా ఉన్నాయి. ఈస్టన్ దాటాక రోడ్డు పక్క ఎర సామాను అమ్మే షాపులో దారపు ఉండ, పొడవు కర్ర ఉన్న వల, పీతను కొలిచే ప్లాస్టిక్ పలక కలిపి ముప్ఫై డాలర్ల లోపు అయ్యాయి. ఎర కోసం కోడి మెడలు ముందురోజే షాంటిలీలో హలాల్ మాంసం కొట్లో తీసుకుని ఐస్‌పెట్టెలో పెట్టాం. కేంబ్రిడ్జ్ ఊరికి కాస్త ఇవతల, చాప్టాంక్ నది ఒడ్డున కౌంటీ వాళ్ళ చెక్క రేవు ఒకటి ఉంది. పక్కనే కప్పు వేసిన బల్లలు, నీళ్ళ కుళాయి. ఎనిమిదిన్నరకు అక్కడ మాకంటే ముందు ఒక్క మనిషే ఉంది. డెబ్భై దాటిన తెల్లావిడ, మడత కుర్చీలో కూర్చుని ఆరు దారాలు వేసుకుని ఉంది. పేరు డోనా అని చెప్పింది.

పని తేలికే. దారం చివర కోడి మెడ కట్టి నీళ్ళలో వదిలి, రెండో చివర రేవు కొయ్యకు ముడివేయాలి. దారం బిగిసి పక్కకు జరగడం మొదలుపెడితే కింద పీత ఉన్నట్టు. అప్పుడు చూపుడువేలు మీదుగా నెమ్మదిగా పైకి లాగాలి. తిండి మీద ఆశతో పీత పట్టు విడవదు. నీటి అంచుకు వచ్చేసరికి ఇంకొకరు కింద నుంచి వల పెట్టాలి. పద్మకు కీమో వల్ల వేళ్ళ చివరలు మొద్దుబారాయి, దారం బిగింపు తెలియదు. అందుకని కుర్చీలో కూర్చుని మాకు చెప్పడం తన వంతన్నది.

స్వప్నది కరీంనగర్. వాళ్ళ వైపు పీతను ఎండ్రికాయ అంటారు, ఈ అమ్మాయి చెరువు దగ్గర చూడటమే తప్ప ఎప్పుడూ పట్టలేదు. మొదటి దారం కదిలింది ఆమెదే. ఒక్కసారిగా లాగేసింది. పీత ఎరను వదిలి పోయింది.

"అంత తొందరేమిటే. పెళ్ళిచూపులప్పుడు ఎంత ఓపిగ్గా కూర్చున్నావో అంత ఓపిక చాలు" అంది పద్మ.

"నావి వీడియో కాల్ పెళ్ళిచూపులక్కా. నెట్ పోయింది, ఓకే అనేసిన. ఓపిక యాడిది?"

రెండోసారి ఆమె దారాన్ని వేలెడు వేలెడుగా లాగింది. సుధాకర్ మోకాళ్ళ మీద వంగి కింద నుంచి వల పెట్టారు. పెద్ద పీత, నీలం కాళ్ళు, ముందుకాళ్ళ డెక్కల చివర ఎర్రగా ఉంది. పద్మ గ్లోవ్స్ వేసుకుని పటకారుతో దాన్ని వెల్లకిలా తిప్పి చూసింది. పొట్ట కింద పలక వెడల్పుగా, గుండ్రంగా ఉంది.

"ఆడది. నిండుగా ఉంది."

సుధాకర్ ముఖం వెలిగింది. గోదావరి జిల్లాల్లో పీత పులుసంటే గుడ్డు పీతే. బజార్లో మగ పీతకు ఒక ధర, గుడ్డు పీతకు ఇంకో ధర. డొప్ప విప్పితే లోపల నారింజ రంగు గుడ్డు, ఇంట్లో ఎవరికి పెట్టాలని తగవు. వచ్చిన పది నిమిషాల్లో అది దొరకడం పద్మకు మంచి శకునమని ఆయన అనుకున్నారు. బకెట్లో వేసి మూత కూడా పెట్టేశారు.

డోనా కుర్చీలోంచి లేచి వచ్చింది. మూత తీసి చూసి, దాన్ని వదిలేయాలని చెప్పింది. మేరీలాండ్‌లో మాలాగా సరదాకు పట్టేవాళ్ళు ఆడ పీతను ఉంచుకోకూడదు. పొట్ట కింద పలక వాషింగ్టన్ స్తూపంలా సన్నగా పొడుగ్గా ఉంటే మగది, కాపిటల్ భవనం గుమ్మటంలా వెడల్పుగా ఉంటే ఆడది అని గుర్తు చెప్పింది. ఎర్రటి డెక్కల చివరలు చూపించి, గోళ్ళకు రంగు వేసుకున్నది ఆడదే అంది. ఆమె మాట మీద అనుమానం లేకపోయినా అలవాటు కొద్దీ రాష్ట్ర మత్స్యశాఖ పేజీ ఫోన్‌లో తెరిచి చూశాను. ఆమె చెప్పింది నిజమే.

మా దేశంలో దీనికే ఎక్కువ డబ్బిస్తారని సుధాకర్ ఆమెతో అన్నారు. ఆమె నవ్వి, తన చిన్నప్పుడు ఇక్కడా తినేవాళ్ళమని, ఆ తర్వాత కొన్నేళ్ళు వట్టి దారాలు లాగామని చెప్పి తన కుర్చీ వైపు వెళ్ళింది. సుధాకర్ బకెట్ పక్కనే నిలబడ్డారు. గొంతు తగ్గించి మాతో తెలుగులో అన్నారు.

"ఒక్కటే కదా. ఎవరు చూస్తారు? ఇంత దూరం వచ్చింది దీనికోసమే కదా అక్కా."

ఆయన వైపు న్యాయం లేదని నేను చెప్పలేను. ఆ ఏడాది ఆఫీసులో రెండుసార్లు లేఆఫ్‌లు జరిగాయి. భార్య ఇన్సూరెన్స్ తన ఉద్యోగంతో, తన ఉద్యోగం వీసాతో ముడిపడి ఉన్న మనిషి ఆయన. తన చేతిలో ఉన్న ఒకే ఒక్క పని ఆ బకెట్లో ఉంది. జవాబు పద్మ చెప్పింది.

"ఆ గుడ్డు రుచి నాకు తెలుస్తుందని గ్యారంటీ లేదండీ. దానికి చావు మాత్రం గ్యారంటీ. ఇలా ఇవ్వండి."

బకెట్ తానే తీసుకుని రేవు అంచున వంచింది. పీత ఒక క్షణం నీటి మీద ఉండి, పక్కకు జారి లోపలికి పోయింది. పద్మ వచ్చి డోనాకు థాంక్స్ చెప్పి, ఒక గ్లోవ్ తీసి, కీమోకు నల్లబడిన తన గోళ్ళు చూపించింది. నావీ రంగు మారాయి అంది. డోనా ఆ గోళ్ళను చూసింది, తల మీది స్కార్ఫ్‌ను చూసింది. తన కుర్చీ తెచ్చి మా పక్కన వేసుకుంది.

ఆ తర్వాత రెండు గంటలు ఆమె మాతోనే ఉంది. నిబంధన ప్రకారం వదిలేయాల్సిన ఐదుంపావు అంగుళాల లోపువి, ఆడవి పోగా, పదకొండు గంటలు దాటేసరికి మా బకెట్లో ఐదు మగ పీతలు మిగిలాయి. ఎలా వండుతారని డోనా అడిగితే స్వప్న తన ఇంగ్లిష్‌లో చింతపండు పులుసును వివరించింది. తామైతే నీళ్ళు, వెనిగర్ కలిపి ఆవిరి మీద అరగంట ఉడికిస్తామని, ఇంకేమీ అక్కర్లేదని ఆమె చెప్పింది. పద్మ మా వైపు తిరిగి తెలుగులో "ఉత్త పీత తింటారట, పాపం" అంది. జాలిగానే అంది.

పార్కు చూసుకునే అతను ట్రక్కులో వస్తే గ్యాస్ స్టవ్ వాడవచ్చా అని అడిగాం. గడ్డి మీద వద్దు, కప్పు కింద సిమెంటు మీద పెట్టుకోండి, పెంకులు చెత్తడబ్బాలో వేసి మూత వేయండి, లేకపోతే సీగల్ పక్షులతో మీరే మాట్లాడుకోవాలి అన్నాడు. పీతల్ని ఐస్‌లో ఉంచి కదలిక ఆగాక శుభ్రం చేసే పని సుధాకర్‌కు పడింది. పద్మ ఎదురుగా కూర్చుని ఒక్కో అడుగూ చెప్పింది. ఇన్నేళ్ళుగా తింటున్నారు, మొప్పలు ఎక్కడుంటాయో తెలియదు అని దెప్పింది. నువ్వు ఎప్పుడు తెలియనిచ్చావు అని ఆయన గొణిగారు.

ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, ధనియాల ముద్ద స్వప్న ఇంటి దగ్గరే నూరి తెచ్చింది. తెచ్చిన గిన్నెలో మూడు పీతలే పట్టాయి. మిగతా రెండిటికి ఇంకో గిన్నె లేదు. ఇడ్లీ పాత్ర ఉంది. పద్మ పులుసు తినలేకపోతే వేడి ఇడ్లీ అయినా పెట్టవచ్చని స్వప్న పిండితో సహా దాన్ని తెచ్చింది. డోనా చెప్పినట్టే చేద్దామని ఆ రెండు పీతల్ని ఇడ్లీ రేకుల మీద పెట్టి, అడుగున నీళ్ళు, డోనా ఇచ్చిన వెనిగర్ పోసి మూత పెట్టింది.

ఒంటిగంటకు ఇంటి నుంచి తెచ్చిన అన్నం మీద పులుసు వడ్డించాం. ముందు పద్మకు. ముగ్గురం మా ప్లేట్ల వైపు చూస్తున్నట్టు నటిస్తూ ఆమెనే చూశాం. కలిపింది. ఒక ముద్ద తింది. రెండోది తింది.

"బాగుంది" అంది.

స్వప్న గరిటె కింద పెట్టింది.

"అక్కా, ఆ మాట ఒక్కటి వద్దు. ఏమున్నదో అది చెప్పు."

పద్మ ప్లేటు వైపే చూస్తూ చెప్పింది. "కారం నాలుకకు తగులుతోంది. వేడి తెలుస్తోంది. అంతే. పులుపు లేదు, ఉప్పు లేదు, పీత లేదు. నువ్వు బాగా చేశావమ్మా, ఆ సంగతి వాళ్ళని అడుగు."

పులుసు నిజంగా బాగుంది, అది ఇంకా ఇబ్బందిగా ఉంది. సుధాకర్ మంచినీళ్ళ నెపంతో ఐస్‌పెట్టె దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి చాలాసేపు నిలబడ్డారు. స్వప్న ఇడ్లీ వేయడానికి లేచింది. పాత్ర ఖాళీ కావాలి కాబట్టి ఉడికిన రెండు పీతల్ని తీసి బల్ల మీద పేపరు పరిచి పెట్టింది. పద్మ ఒకదాన్ని దగ్గరకు లాక్కుంది. సుధాకర్‌కు డెక్క పగలగొట్టడం రాదు, పెళ్ళయినప్పటి నుంచి ఆ పని ఆమెదే. గరిటె కాడతో కొట్టి, లోపలి కండను చెదరకుండా బయటికి లాగి ఆయన ప్లేటులో పెడుతోంది. వేళ్ళకు అంటిన తునక ఒకటి నోట్లో వేసుకుంది. ఆమె చేయి ఆగింది.

"స్వప్నా, దీంట్లో పంచదార వేశావా?"

"పంచదారెందుకక్కా? నీళ్ళు, వెనిగర్. అంతే."

ఇంకో తునక తీసి, ఈసారి కళ్ళు మూసుకుని నమిలింది. "తియ్యగా ఉంది" అంది. వెంటనే మా ముగ్గురి వైపూ పేపరు నెట్టింది. "మీరు తిని చెప్పండి. నిజంగానే తీపా, నాకలా అనిపిస్తోందా?"

ఆమె నాలుకను ఆమె నమ్మడం మానేసి నెలలైంది. ముందు నేను తిన్నాను. చీసాపీక్ పీత కండలో పాలలాంటి పలచని తీపి ఉంటుంది. నాకు తెలిసింది అంతే, అదే చెప్పాను. స్వప్న తిని, "తియ్యగనే ఉన్నదక్కా, ఒట్టు" అంది. సుధాకర్ వచ్చి నిలబడే ఒక తునక నోట్లో వేసుకున్నారు. నమిలారు. తల రెండుసార్లు ఊపారు.

పద్మ ఆ పీతంతా తింది. రెండోది కూడా తన వైపు తిప్పుకుంది. సుధాకర్ ప్లేటులో పెట్టిన డెక్క కండను కూడా వెనక్కి తీసుకుని, "మీకు పులుసుంది కదా" అంది. తర్వాత ఒక డబ్బాలో పులుసు పోసుకుని, కారం సంగతి హెచ్చరించడానికని డోనా దగ్గరికి తానే వెళ్ళింది. ఇద్దరూ రేవు చివర చాలాసేపు నిలబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు, తర్వాత అడగలేదు.

రెండున్నరకు బయల్దేరాం. తిరుగు దారిలో వంతెన ముందు ముప్పావు గంట ఆగాల్సి వచ్చింది. శనివారం మధ్యాహ్నం అంతకు తక్కువ అనుకోకండి. పద్మ ఆ ముప్పావు గంటా నిద్రపోయింది. ఆరు లోపు ఇంట్లో ఉన్నాం. పెట్రోలు, టోల్, ఎర, సామాను కలిపి నలుగురికి వంద డాలర్లు కాలేదు.

పద్మకు రుచి తిరిగి వచ్చిందని నేను రాయను. ఒక రుచి, ఒక మధ్యాహ్నం వచ్చింది. దానికి నలుగురం సాక్షులం. ఆ తర్వాతి చెకప్‌లో ఆమె బరువు తగ్గలేదు, గొట్టం మాట డాక్టర్ ఎత్తలేదు. ఇంకో మార్పు కూడా వచ్చింది. ఇప్పుడు మేము పెట్టే డబ్బాలకు ఆమె నుంచి నిజమైన జవాబులు వస్తున్నాయి. ఇవాళ కారం ఒక్కటే తెలిసింది. బీరకాయ అట్టముక్క. పెరుగులో పులుపు కొంచెం తగిలింది, రేపు కూడా అదే పెట్టండి. చదివి ఎవరూ నొచ్చుకోవడం లేదు, ఆ జవాబును బట్టి మర్నాటి వంట మారుస్తున్నాం. బాగుంది అన్న మాట మా ఇళ్ళలో మర్యాద. ఆ మర్యాద ఆమెను ఎన్ని నెలలు ఒంటరిగా ఉంచిందో ఆ బల్ల దగ్గర కూర్చునేదాకా మాకు తెలియలేదు. ఇడ్లీ పిండి ఐస్‌పెట్టెలో పెట్టిన స్వప్నకు, పొరుగు రాష్ట్రంలో తన కుర్చీని మా పక్కకు జరుపుకున్న మనిషికి, ఆ రోజుకు నేను చాలా రుణపడి ఉన్నాను.

మీరు వెళ్ళేటట్టయితే ఒక సలహా. కొలతలు, నెలలు, ఆడ మగ నిబంధనలు బయల్దేరే ముందురోజు రాష్ట్ర మత్స్యశాఖ పేజీలో ఎలాగూ చూసుకుంటారు. దానితోపాటు మూత గట్టిగా పట్టే ఇడ్లీ పాత్ర ఒకటి పెట్టుకోండి. పట్టిన పీతలన్నీ పులుసులో వేయకుండా రెండు పక్కన ఉంచి, ఏమీ వేయకుండా ఆవిరి మీద ఉడికించండి. మీతో వచ్చినవాళ్ళలో నోటికి రుచి తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే, ముందు ఆ రెండూ వాళ్ళ ముందు పెట్టండి. ఎలా ఉందని మాత్రం అడగకండి, వాళ్ళే చెబుతారు.